అరిగిన పాదం

త్రియానా, సెవిల్
డిసెంబరు 4, 2023

ప్రియమైన అత్తయ్యకు,

ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మళ్ళీ ఈ ఉత్తరమేమిటి అని కళ్ళజోడు వెతుక్కుంటూ అనుకుంటారు. ఫోనులో చెప్పలేకే రాస్తున్నాను. మీకు సరిగా వినపడదని అంపారో వదిన స్పీకరు పెడుతుంది. నేను మీతో అన్న ప్రతి మాటా వెల్వాలో మీ కూతురి వంటిల్లంతా వింటుంది. ఇది మీ ఒక్కరికే చెప్పవలసిన మాట. ఇరవై రెండేళ్ళుగా ఏదో ఒక వంకతో దాటవేశాను. నిన్న ఆగమన కాలపు మొదటి ఆదివారం పూజ చివర ఫాదర్ లెయాంద్రో ఒక ప్రకటన చదివారు. ఇక దాటవెయ్యడానికి నాకు చోటు మిగల్లేదు. అందుకే కలం పట్టుకున్నాను.

ఈ క్రిస్మస్‌కి నగరంలోని పాత బాలయేసు ప్రతిమలన్నిటినీ సిటీ హాల్లో ఒకచోట చేర్చి చూపిస్తారట. మన చర్చి బాలుణ్ణి కూడా అడిగారట. పదిహేనో తేదీన పాత ప్రతిమల గురించి చదువుకున్న ఒకావిడ వచ్చి, పరిశీలించి, వయసు తేల్చి తీసుకెళ్తుందట. క్రిస్మస్ పూజ తర్వాత అందరం వరసకట్టి ఆయన పాదం ముద్దు పెట్టుకునే రోజుకు మాత్రం మనకి తెచ్చి ఇస్తారట. జనం చప్పట్లు కొట్టారు. ఫాదర్ నన్ను లేచి నిలబడమన్నారు. "నాలుగు తరాలుగా మన బాలుణ్ణి కాపాడుతున్న ఇల్లు" అని మీ అమ్మమ్మ పేరు, మీ అమ్మ పేరు, మీ పేరు చదివి, చివర నా పేరు చదివారు. నేను నిలబడ్డాను. అంతమంది ముందు అంతసేపు నవ్వుతూ నిలబడగలనని నాకే తెలియదు.

అత్తయ్యా, నా దగ్గరున్న ఆ పెట్టెలో ఉన్నది మీ బాలుడు కాదు. మీ బాలుడు నా చేతుల్లో విరిగిపోయాడు.

మొదటినుంచి చెప్తాను. 2001 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. మన ఇంట్లో ఎవరం దాన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. 'ఆ నవంబరు' అనేవాళ్ళం, అంతే. ఐదో నెల. ఆడపిల్ల అని డాక్టరు చెప్పారు. నేను ఒక పేరు కూడా అనుకుని పెట్టుకున్నాను. మీ అబ్బాయికి సైతం చెప్పలేదు, ఇక్కడా రాయను. ఆసుపత్రినుంచి వచ్చాక మీరు రోజూ సూపు గిన్నెతో వచ్చేవారు. నేను తాగేదాకా కూర్చుని, గిన్నె కడిగి, తుడిచి తీసుకుపోయేవారు. పాప మాట మీరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

డిసెంబరు మొదటివారంలో సూపు గిన్నెతో పాటు బాలుడి పెట్టె కూడా చంకలో పెట్టుకుని వచ్చారు. ఆ బాధ్యత నాదాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళుందనుకున్నాను. పెట్టె నా ఒళ్ళో పెట్టి, "ఈ ఏటినుంచి నువ్వే చూసుకో అమ్మాయ్. చేతులు ఖాళీగా ఉంటే మనసు ఊరుకోదు" అన్నారు. కోటు బొత్తాలు పెట్టుకుని వెళ్ళిపోయారు.

చేతులు ఖాళీ. ఆ రెండు మాటలు నాలో ఎక్కడో దిగి అక్కడే ఉండిపోయాయి. మీరు మంచికే అన్నారని తెలుసు. తెలిసినా అవి అక్కడే ఉన్నాయి.

ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం దాకా పెట్టె తెరవకూడదని చెప్పారు. పుట్టకముందే బాలుణ్ణి చూడకూడదని. నేను పన్నెండో తేదీనే తెరిచాను. మీ అబ్బాయి పనికి వెళ్ళారు. ఇంట్లో చప్పుడు లేదు. దూది తొలగించి ఆయన్ని ఎత్తుకున్నాను. ఎంత బరువని, రెండు నారింజపండ్లంత. గుండెకి ఆనించుకుని వంటింట్లో కూర్చున్నాను. కాసేపటికి మట్టి కూడా వెచ్చబడుతుందనుకున్నాను. వెచ్చబడలేదు. దించి ముఖం చూశాను. ఆ చిరునవ్వు మీకు తెలుసు కదా, ఎవరు ఎత్తుకున్నా అదే నవ్వు. "మీ అమ్మకి నువ్వు దక్కావు" అన్నాను, పైకే. చెయ్యి జారిందని రాస్తే మీరు నమ్ముతారు. జారలేదు. వంటగట్టు రాతి మీద ఆయన్ని గట్టిగా పెట్టాను. కోపంతో పెట్టాను. మెడ దగ్గర, కుడి మోకాలి దగ్గర విరిగింది. అంతమంది ముద్దులతో వేళ్ళు అరిగిపోయిన ఆ కుడి పాదం గిర్రున తిరిగి పొయ్యి కిందికి పోయింది. నేలమీద పడుకుని చీపురుకర్రతో లాగి తీశాను. ముక్కలన్నీ మంతెకాదో మిఠాయిల రేకు డబ్బాలో దాచాను. ఆ డబ్బా ఇప్పటికీ బీరువా పైన, చలి దుప్పట్ల వెనక ఉంది.

మర్నాడు కతీడ్రల్ గోడ పక్కన బొమ్మల సంతకి వెళ్ళాను. అంతకుముందు ప్రతి ఏడూ ఎనిమిదో తేదీన మీరూ నేనూ కలిసి వెళ్ళేవాళ్ళం. ఇంట్లో కట్టే క్రిస్మస్ పాకకి నాచు, బెండుచెక్క కొనుక్కుని, ఏడు చర్చిల్లో పాకలు చూసి, గాడిదలకి వంకలు పెట్టి, చివర వేడి చాక్లెట్ తాగేవాళ్ళం. ఆ రోజు ఒక్కదాన్నే ఆ చెక్క దుకాణాల వరసలో నడిచాను. చెస్ట్‌నట్లు కాల్చే పొగ కళ్ళలో పడుతుంటే మంచిదే అనిపించింది. ఏడ్చినా ఎవరూ అడగరు. రిబ్బను ముక్కకి రెండు ముడులు వేసి కొలత తీసుకెళ్ళాను. నాలుగో దుకాణంలో బల్దొమేరో అనే ఆయన, నుదుటిమీద ఒక కళ్ళజోడు, ముక్కుమీద ఒక కళ్ళజోడు, ఆ రిబ్బను చూసి అడిగాడు.

"ఇదేం కొలతమ్మా? బాలయేసుకా, పెళ్ళికూతురు జడకా?"

"బాలయేసుకే. పాతదానిలా ఉండాలి."

"ఎంత పాత?"

"మా అత్తగారి అమ్మమ్మ అంత."

ఆయన నవ్వలేదు. "ఇల్లు అత్తగారిదా?" అని మాత్రం అడిగాడు. నేను తలూపాను. వెంట తెచ్చుకున్న డబ్బాలోంచి తల మాత్రం తీసి చూపించాను. చాలాసేపు తిప్పి చూసి, "ముఖం చేస్తాను. రంగు చేస్తాను. టీ నీళ్ళతో, పొగతో వయసు కూడా పోస్తాను. కానీ అమ్మా, పాదం మీద ముద్దులు చెయ్యడం నాకు రాదు" అన్నాడు. ఇరవై రెండో తేదీకి ఇచ్చాడు. యూరోలు రాబోతున్నాయి, మన పాత పెసెతా నోట్లకు అదే ఆఖరి డిసెంబరు. ఇంట్లో మిగిలిన పాత నోట్లన్నీ ఆయనకే ఇచ్చాను.

ఇరవై నాలుగున మీరు పంపిన కొత్త తెల్లచొక్కా తొడిగి కొత్త బాలుణ్ణి చర్చిలో ఇచ్చాను. క్రిస్మస్ రోజు పన్నెండు గంటల పూజ తర్వాత అందరికన్నా ముందు మోకరిల్లేది మీరే కదా. పాదానికి పెదవులు ఆనించారు. అలాగే ఉండిపోయారు. లేచి నావైపు చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. సాయంత్రం భోజనాల దగ్గర అందరూ మాట్లాడుకుంటుంటే, మీరు నారింజ తొన వలుస్తూ, ఎవరితోనో అన్నట్టు, "ఈ ఏడు బాలుడి పాదం చల్లగా ఉంది" అన్నారు. నేను పళ్ళేలు తియ్యడానికి లేచాను.

జనవరి ఆరున ముగ్గురు రాజుల పండుగ దాకా రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. ఆ రోజు మళ్ళీ ముద్దులు. రెండోసారికి ఎవరో ఒకరు కనిపెడతారనుకున్నాను. పూజకి ముందు పాకలోంచి ఆయన్ని తీసి చూశాను కదా, అత్తయ్యా, కుడి పాదం వేళ్ళు అరిగి ఉన్నాయి. రంగు పోయి మట్టి గోధుమరంగు తేలింది. చిటికెనవేలు పక్కవేలిలో కలిసిపోయింది. అచ్చం పాతదే. పన్నెండు రోజుల్లో. 

అది అద్భుతమని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ అది నాకు ఊరట కాలేదు, భయమైంది. దేవుడు నా అబద్ధానికి చెయ్యి అందించాడంటే, ఆ అబద్ధాన్ని ఆయన తన మీద వేసుకున్నాడని కదా. నన్నెరగని చర్చికి వెళ్ళి పాపసంకీర్తనం చేశాను. ఆ గురువు అంతా విని, "ఎవరి వస్తువో వాళ్ళకి చెప్పు తల్లీ. అదొక్కటే నీ ప్రాయశ్చిత్తం" అన్నారు. ఆ ఒక్కటీ చెయ్యలేదు. తర్వాత పిల్లలు కలగకపోతే, ఇందుకే అనుకున్నాను. మీతో సంతకి రావడం మానేశాను. ప్రతి డిసెంబరు ఎనిమిదికీ నాకు తలనొప్పి వచ్చేది, గుర్తుందా. మూడో ఏడు తర్వాత మీరు పిలవడం మానేశారు. ఆ పాదాన్ని నేను ఒక్కసారి కూడా ముద్దు పెట్టుకోలేదు. గుడ్డ పట్టుకుని పాదం తుడిచే పని నాదని చెప్పి తప్పించుకున్నాను. కరోనా రోజుల్లో ముద్దులు మాని అందరినీ తల వంచి వెళ్ళమన్నప్పుడు, నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పుకోడానికి సిగ్గేస్తోంది.

పదిహేనో తేదీకి ముందే ఫాదర్‌కి చెప్పేస్తాను. పెట్టె ఇచ్చేస్తాను. కానీ మీ ఇంటి పేరు నలుగురి నోట్లో పడకముందు మీకు తెలియాలి. మీరు ఏమన్నా పడతాను. ఏమీ అనకపోతేనే కష్టం.

మీ కోడలు,
ఎన్‌కర్నా


వెల్వా
డిసెంబరు 8, నిష్కళంక మాత పండుగ

ఎన్‌కర్నా తల్లీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. "ఎవరిదమ్మా" అంది అంపారో. కరెంటు వాళ్ళదన్నాను. స్నానాలగదిలో గడియ పెట్టుకుని చదివాను. అది రెండుసార్లు తలుపు బాదింది, "అమ్మా, పడిపోయావా" అని. పడలేదే, కరెంటు బిల్లు చదువుకుంటున్నానన్నాను. నాకు మతి తప్పిందని అల్లుడికి చెప్పింది. చెప్పుకోనీ.

ముందు నీ అద్భుతం సంగతి. దేవుణ్ణి అందులోంచి వదిలెయ్యి. ఆ పని నాది. నా మడమలు తోముకునే నురగరాయి, కాస్త కాచిన టీ, ఆలివ్ నూనె చుక్క. నాలుగు సాయంత్రాలు పట్టింది. పూలు మారుస్తానని చెప్పి తాళాలు తీసుకుని, పూజావస్త్రాల గదిలో కూర్చుని రుద్దాను. చిటికెనవేలు దగ్గర కొంచెం ఎక్కువైంది, నీకు తేడా తెలియలేదు.

నేను ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పటినుంచి ఆ పాదాన్ని ముద్దు పెట్టుకున్నదాన్ని. పెదవి ఆనగానే తెలిసిపోయింది. కొత్తగా వేసిన గోడలా గరుగ్గా, చల్లగా ఉంది. ఎవరు మార్చారా అని తలెత్తి చూశాను. రెండో వరుసలో నువ్వు. సున్నం కొట్టినట్టు నీ ముఖం. అప్పుడు కోపం రాలేదే. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. బిడ్డ పోయి నెల తిరక్కుండా, మట్టి బిడ్డని తెచ్చి నీ ఒళ్ళో పెట్టి, ఆ మాట అన్నాను. చేతులు ఖాళీ అని. నీ ఉత్తరం చూసేదాకా అనుకునేదాన్ని, నీకా మాట గుర్తుండదేమోనని. నాకైతే గుర్తుంది. మా అమ్మ నాకు బట్టలకి గంజి పెట్టడం నేర్పింది, చేప ముళ్ళు తియ్యడం నేర్పింది. ఓదార్చడం నేర్పలేదు. సూపు తప్ప నాకింకేం తెలుసు.

పాదం చల్లగా ఉందని ఆ సాయంత్రం కావాలనే అన్నాను. ఆ మాటకి నువ్వు నోరు విప్పుతావని, వంటింట్లోకి లాక్కెళ్ళి ఇద్దరం ఏడుస్తామని. నువ్వు పళ్ళేలు తీశావు. నేను నారింజ తిన్నాను. తర్వాత నీకు డిసెంబరు తలనొప్పులు పట్టుకున్నాయి. అడగబోతే నువ్వు ఇంకా దూరం జరుగుతావని అడగడం మానేశాను. నేను నా గొప్పకి ఊరుకున్నాను, నువ్వు నీ భయానికి ఊరుకున్నావు. వరుసలో నా వెనకే పూరా ఉంటుంది కదా, దాని నోటి సంగతి నీకు తెలుసు. రెండోసారి దాని పెదవులకి తెలిస్తే త్రియానా అంతా తెలిసినట్టే. అందుకే రాయి పట్టుకున్నాను. రుద్దుతున్నంతసేపూ ఏడ్చాను. దేవుడి పాదం గీకుతున్నాననా, నీ కోసమా, ఇప్పటికీ చెప్పలేను.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పకుండా పోదామనుకున్నాను. ఆ ఏడు బాలుడికని పంపిన తెల్లచొక్కా బాలుడికి కుట్టింది కాదు. సెప్టెంబరులో మొదలుపెట్టాను, మన పాపకని. నవంబరు తర్వాత పారెయ్యలేకపోయాను. నీకు చూపించలేకపోయాను. భుజాలు చిన్నవి చేసి ఆయనకి పంపాను. ఏటా ఇరవై నాలుగున నువ్వు ఆ చొక్కా ఉతికి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసేదానివి. మీ ఇంటికి వచ్చినప్పుడు చూసేదాన్ని. మంచిపనే అయిందనుకునేదాన్ని.

పేరు రాయనన్నావు. రాయాలనిపించినప్పుడు రాయి. నాకు ఎనభై మూడు, మరీ ఆలస్యం చెయ్యకు.

పదమూడో తేదీ పొద్దుటి రైలుకి వస్తున్నాను. నా మోకాలి సంగతి అంపారో చెప్తుంది, వినకు. రేకు డబ్బా దించి ఉంచు. సంతకి వెళ్దాం. ఆ బల్దొమేరో బతికే ఉన్నాడేమో చూద్దాం. ఫాదర్ దగ్గరికి ఒక్కదానివే వెళ్ళావంటే ఊరుకోను.

నీ అత్త,
త్రినిదాద్


త్రియానా, సెవిల్
డిసెంబరు 28, వేదసాక్షులైన పసిబిడ్డల పండుగ

ప్రియమైన అత్తయ్యకు,

మీరు వెళ్ళిన రోజే, క్షేమంగా చేరారని వదిన చెప్పింది. ఇక్కడున్న రెండు రోజుల్లో మీ మోకాలు అరగదీశానని నన్ను తిట్టింది కూడా. అరగదియ్యడం మన ఇంట్లో ఎవరి పనో ఆవిడకి తెలియదు కదా అని నవ్వుకున్నాను.

జరిగిందంతా మీకు తెలుసు, పక్కనే ఉన్నారు. కానీ సగం మాటలు మీకు వినపడలేదు. మీరు ఊ కొడుతూనే ఉన్నారు గాని, ఎక్కడ ఊ కొట్టారో నేను చూశాను. అందుకని వినపడనివి రాస్తాను.

సంతలో బల్దొమేరో మిమ్మల్ని స్టూలు మీద కూర్చోబెట్టాక, పాత పాదాన్నీ కొత్త పాదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఇప్పుడు ఆయనకి మూడు కళ్ళజోళ్ళు. "నేనిచ్చినప్పుడు దీనికి వేళ్ళు ఐదూ ఉన్నాయి. ఎవరిదీ చెయ్యి?" అన్నాడు. మీరు, "మడమ రాయి, టీ" అని గట్టిగా చెప్పారు. దానికి ఆయన మెల్లగా నాతో అన్నది ఇదీ: "నేను నలభై ఏళ్ళుగా బొమ్మలకి వయసు పోస్తున్నాను. ఇంత ప్రేమగా పాడుచేసిన పాదం చూడలేదు. మీ అత్తగారిని ఇంటికి పంపకండి, పనిలో పెట్టుకుంటాను." అదే సమయంలో మీరు ఆయన చేసిన గాడిద బొమ్మని చూసి, "దీనికేం పెట్టావయ్యా, గున్న ఏనుగులా ఉంది" అన్నారు. ఆయనకి బాగానే వినపడింది.

ఆ పూట కతీడ్రల్ పాక ముందు వరుసలో నిలబడ్డప్పుడు మీరు నా చెయ్యి పట్టుకున్నారు. గంటసేపు వదల్లేదు. జనం తోస్తున్నారని పట్టుకున్నారనుకున్నాను. పాక దగ్గరికి చేరాక, జనం పలచబడ్డాక కూడా వదల్లేదు. ఏడు చర్చిలు అనుకున్నాం, నాలుగే అయ్యాయి. మిగిలిన మూడూ బాకీ. చాక్లెట్ దగ్గర మీరు మూతి తుడుచుకుంటూ, "చల్లారిపోతోంది, తాగు" అన్నారు చూడండి, నాకు ఇరవై రెండేళ్ళ నాటి మీ సూపు గిన్నె గుర్తొచ్చింది. అప్పుడు దాని రుచి తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది.

ఇక ఫాదర్ లెయాంద్రో. నేను తప్పు నాది అంటే, మీరు కాదు నాది అని, ఆయన బల్ల మీద రేకు డబ్బా పెట్టి ఇద్దరం పోట్లాడుకున్నాం కదా. ఆయన అన్నది మీకు వినపడలేదు. "అమ్మా, ముందు పాపం ఎవరిదో మీరిద్దరూ తేల్చుకుని రండి. ఒకే పాపానికి ఇద్దరికి ప్రాయశ్చిత్తం ఇవ్వడం నాకు రాదు" అన్నారు. మీరేమో, "అంతే కదా ఫాదర్" అని తలూపారు. నాకు నవ్వాగలేదు. ఆయన ముందు నేను ఏడుస్తానని ఎన్నేళ్ళుగానో అనుకున్నాను, నవ్వుతానని కాదు. తర్వాత ఆయన డబ్బా మూత తీసి చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం మీకూ వినపడే ఉంటుంది.

పదిహేనో తేదీన మీరు రైలెక్కాక ఆ ప్రతిమలు పరిశీలించే ఆవిడ వచ్చింది. ముక్కలు చూసి కళ్ళు పెద్దవి చేసింది. వయసు నిజంగా ఎక్కువేనట, అతికించడానికి కొన్ని నెలలు పడుతుందట. పెద్దగా ఏమీ అడగలేదు. "ఇలాగే పెడతాను" అని, దూది పరిచి, ముక్కల్ని వాటి వాటి చోట్ల పడుకోబెట్టి, గాజుపెట్టెలో ఉంచింది. మొన్న మీ అబ్బాయీ నేనూ వెళ్ళి చూశాం. మిగతా బాలుళ్ళందరి ముందూ జనం, "ఎంత ముద్దుగా ఉన్నాడో" అనుకుంటూ వెళ్తున్నారు. మన బాలుడి ముందు మాత్రం మాటలాపి నిలబడుతున్నారు. మీ అబ్బాయికి ముందు రోజే అంతా చెప్పాను. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి, "ఆ డబ్బాలో మిఠాయిలున్నాయని, నువ్వు నాకు పెట్టడం లేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను" అన్నారు. ఆయన ఏడవడం నేను చూడడం అది రెండోసారి.

క్రిస్మస్ పూజ గురించి మీకు చెప్పాలి. ఫాదర్ పేర్లేమీ చెప్పలేదు. "మన పాత బాలుడు విరిగి ఇరవై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళూ మీరు ముద్దు పెట్టుకున్నది ఈయన్ని. కావాలనుకున్నవాళ్ళు రండి" అన్నారు. ఎవరూ కదల్లేదు. నేను గుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డాను. అప్పుడు ఎవరు లేచారో ఊహించండి. పూరా. కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, "నాకు పిల్లలు పుట్టిన ఏడు ఎవరి పాదం ముద్దుపెట్టుకున్నానో, మా ఆయన పోయిన ఏడు ఎవరి పాదం ముద్దుపెట్టుకున్నానో నాకు తెలుసు ఫాదర్. విరిగినవాడికి నమస్కారం. వీడు మనవాడు" అంది. వంగి ముద్దుపెట్టుకుంది. వెనకే వరుస కట్టారు. ఆవిడ నోటికి భయపడి మీరు నాలుగు సాయంత్రాలు రాయి అరగదీశారు. ఆ నోరే నన్ను కాపాడింది.

అందరూ అయ్యాక ఫాదర్ గుడ్డ నా చేతిలోంచి తీసుకున్నారు. "ఈసారి తుడిచేది నేను" అన్నారు. మోకరిల్లాను. ఆ చొక్కా అంచు నా చెంపకి తగిలింది, మీరు కుట్టిన సన్నని అంచు. పాదానికి పెదవులు ఆనించాను.

చల్లగా లేదు అత్తయ్యా. అప్పటికే అంతమంది ముద్దులు పెట్టారు కదా. వెచ్చగా ఉంది.

ఈ రోజు పసిబిడ్డల పండుగ. వీధిలో పిల్లలు వచ్చేపోయేవాళ్ళ వీపుకి కాగితం బొమ్మలు అంటిస్తూ ఆట పట్టిస్తున్నారు. నాకూ ఒకటి అంటించారు, రొట్టెల దుకాణం దాకా చూసుకోలేదు. పొద్దున పూజలో బాలయేసు కోసం వెతుకుతూ రాజు చంపించిన ఆ పసిబిడ్డల కోసం ఫాదర్ ప్రార్థన చేస్తున్నప్పుడు, మొదటిసారి మన పాపని పేరుపెట్టి తలుచుకున్నాను. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. శబ్దం వచ్చినా మీకు ఎలాగూ వినపడదు కాబట్టి, ఇక్కడ రాస్తున్నాను.

త్రినిదాద్. మీ పేరే పెట్టుకున్నాను.

ముగ్గురు రాజుల పండుగకి మీరు రాగలిగితే మిగిలిన మూడు చర్చిలు చూద్దాం. రాలేకపోతే చొక్కా ఉతికి, నీడలో ఆరేసి, మీకోసం ఫోటో తీసి పంపుతాను. ఈ కాగితాలు మాత్రం ఎక్కడైనా భద్రంగా పెట్టుకోండి. వదిన అడిగితే కరెంటు బిల్లనే చెప్పండి. ఆ పేరు ఇంకెక్కడా రాసి లేదు. ఎవరికీ చూపించకండి.

మీ
ఎన్‌కర్నా